క్రీడాభిరామమును సైబరాబాదును : నగరదర్శనరీతి విచారము

ఒక నగరమునందలి యొక వాడను సూర్యోదయము మొదలు రాత్రివఱకుఁ దిరిగి చూచి, చూచినదానిని వాక్కున నిలుపుట యెట్లు? ఈ ప్రశ్నకు ఆంధ్రవాఙ్మయమున రెండు సమాధానములు గలవు. మొదటిది ప్రబంధములయందలి పురవర్ణనము. రెండవది వీథీరూపకమైన క్రీడాభిరామము. ఈ రెంటికిఁ గల భేదమును లక్షణదృష్టితో నిరూపించి, హైదరాబాదునకుఁ బశ్చిమభాగమున మాదాపురము, కొండాపురము, గచ్చిబౌలి, రాయదుర్గము మొదలగు గ్రామముల భూములపై వెలసిన హైటెక్ సిటీ యను క్రొత్తవాడ విషయమున ఏ రీతి చెల్లునో, ఏది చెల్లదో పరీక్షించుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

పురవర్ణనము కావ్యములయందలి యష్టాదశవర్ణనములలో నొకటి. కోట మిన్ను ముట్టును. అగడ్త పాతాళమును దాఁకును. మేడలమీఁది పడఁతులు చంద్రునిఁ జూచి యద్దమని భ్రమింతురు. ఏనుఁగులు, గుఱ్ఱములు, నాలుగు వర్ణములవారు, పూలమ్మువారు, ఉద్యానములు వరుసగా వచ్చును. వర్ణన మెంత మనోహరమైనను, పురము పేరొక్కటి మార్చినచో నది వేఱొక పురమునకును సరిపోవును. అసాధారణధర్మమే లక్షణమని తార్కికులు చెప్పుదురు. కొమ్ములు గలుగుట యావునకు లక్షణమన్నచో గేదెయందును మేఁకయందును అతివ్యాప్తి కలుగును. పురవర్ణనమును నగరలక్షణముగాఁ గొన్నచో నీ యతివ్యాప్తిదోషమే తగులును. ఇట్లనుట పూర్వకవులను దూషించుట గాదు. ప్రబంధమునఁ బురము నాయకుని యభ్యుదయమునకు రంగస్థలము. దాని నితరపురములనుండి వేఱుపఱచి గుర్తింపవలసిన యక్కఱ యచ్చట లేదు. ఆ వర్ణనము నాధారముగాఁ గొని యొక వాడను దెలిసికొనఁ జూచుటయే దోషము.

వీథి దశరూపకములలో నొకటి. ఏకాంకమై, ఒకఁడో యిద్దఱో పాత్రలుగాఁ గలిగి, కైశికీవృత్తి నాశ్రయించి, శృంగారమును సూచించుచు, ఉద్ఘాత్యకము మొదలుగాఁ బదుమూఁడంగములతో నుండునని లాక్షణికులు చెప్పిరి. శబ్దార్థమును బట్టి వీథి యనఁగా వరుస, త్రోవ. తెలుఁగున వీధి యని వాడుక. రావిపాటి త్రిపురాంతకుని ప్రేమాభిరామమను సంస్కృతరూపకము ననుసరించి పుట్టిన క్రీడాభిరామము వినుకొండ వల్లభరాయని పేరఁ బరఁగుచున్నది. ఇది శ్రీనాథకృతమని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు వాదించిరి. ఆ వివాద మిచ్చట నప్రస్తుతము. మంచనశర్మ, టిట్టిభసెట్టి యను నిద్దఱు చెలికాండ్రు ఓరుగంటి వీధులలోఁ దిరుగుటయే యిందలి యితివృత్తము. వారు కోడిపందెములు చూతురు, పొట్టేళ్ల పోరు చూతురు, పల్నాటివీరుల కథ పాడుదానిని విందురు, మైలారుదేవుని భక్తుల సాహసములకు విస్మితులగుదురు, మాచల్దేవి చిత్రశాలను గనుఁగొందురు, పూటకూటియింట భుజింతురు. ఆ భోజనపుఁ బదార్థములే కాక, దానివెల యొక రూక యని సైతము కవి చెప్పెను.

ఆ రూకయే యిచ్చట ముఖ్యము. మిన్ను ముట్టు మేడ యే పురమునందైనను గలదు. రూకకుఁ దొరకిన యా భోజనము ఓరుగంటిలో, ఆ కాలమున, ఆ యింటనే కలదు. అసాధారణధర్మ మనఁగా నిదియే. వీథి కిట్టి సూక్ష్మత యెట్లు గలిగెను? పాత్రలు రెండగుటచేత. ఒక్కఁడే నడచుచో స్తుతికి దిగును. ఇద్దఱు నడచునప్పు డొకఁ డడుగును, వేఱొకఁడు చెప్పవలెను. 'అదేమి?' 'ఎవ్వరిది?' 'వెల యెంత?' అను ప్రశ్నలకు ఉత్ప్రేక్ష సమాధానము గాదు. ఈ కారణముచేతనే 1949వ సంవత్సరమునఁ బ్రకటితమైన ఆంధ్రుల సాంఘికచరిత్రమున సురవరము ప్రతాపరెడ్డిగారు కాకతీయకాలపు జనజీవనమును వ్రాయుచు నీ చిన్నరూపకమును బలుమాఱు ప్రమాణముగాఁ గైకొనిరి. మహాప్రబంధముల పురవర్ణనములకు లేని ప్రామాణ్యము వీథికి లభించెను.

ఇఁక హైటెక్ సిటీ. దీనినిగూర్చి వినవచ్చు మాటలు రెండు తెఱఁగులు. ఒకటి స్తుతి: అద్దాల మేడలు, రాత్రిని పగలు చేయు దీపములు, సముద్రముల కావలి దేశములతో వ్యవహారము. రెండవది నింద: నిన్నటివఱకు ఱాళ్లును బొదలునైన చోటు, చరిత్ర లేనిది, ఒక దినము తిరిగి చూడఁదలఁచినవారు చార్మినారునకుఁ బోవలెను గాని యిచ్చటికి రాఁదగదు. ఈ స్తుతినిందలు పరస్పరవిరుద్ధములుగాఁ గనఁబడినను రెంటికిని మూల మొక్కటియే. రెండును బురవర్ణనకారుని చూపులే. అద్దాల మేడలు సింగపూరునందును గలవు, బెంగుళూరునందును గలవు. వానిని మాత్రము చూచి మెచ్చుకొన్నవాఁడును, వానిని మాత్రము చూచి యీసడించినవాఁడును వాడను జూచినవారు గారు. వీథీమార్గమునఁ బోయినచో నేమి దొరకునో యిఁకఁ బరిశీలింపవలెను.

ఉదయమున దుర్గముచెఱువు గట్టునఁ బ్రారంభించుట యుచితము. గుట్టల నడుమ దాఁగియుండుటచే దీనికి రహస్యపుఁ జెఱువను పేరును గలదు. కుతుబుషాహీలనాఁడు గోలకొండకోటకు మంచినీ రిచ్చినదని ప్రసిద్ధి. 2020 సెప్టెంబరు 25వ తేదిని తెఱవఁబడిన తీఁగలవంతెన దీనిమీఁదుగా జూబిలీహిల్సును మాదాపురముతోఁ గలుపుచున్నది. రెండు స్తంభముల నడిమి దూరము దాదాపు 234 మీటర్లు. పురవర్ణనకారుఁడు వంతెన దీపములకడ నిలిచిపోవును. వీథీకారుఁడు 'ఏ దుర్గము?' అని యడుగును.

చెఱువునకుఁ బే రిచ్చినది రాయదుర్గము. చుట్టును ఱాళ్లు గుట్టలుగాఁ బడియుండుటఁ జూచినవారికి ఱాయి, దుర్గము అను రెండు పదములు గలిసి యీ పేరు వచ్చెనని తోఁచుట సహజము. ఆ శిలలు దాదాపు 250 కోట్ల సంవత్సరముల నాఁటివని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు గనుక నా యూహకు గౌరవమును గలదు. కాని శబ్దశాస్త్ర మొప్పుకొనదు. ఔపవిభక్తికమున ఱాయి యను శబ్దమునకు ఱాతి యనియే రూపము: ఱాతిగోడ, ఱాతిబండ, ఱాతికోట. అట్లయినచో ఱాతిదుర్గము కావలెను. మఱియు శిలావాచకము శకటరేఫముతోఁ గూడినది, దుర్గనామమునందలిది సాధురేఫము. ఆ భేదము నేఁటి వ్రాఁతలో లోపించుటచేతనే భ్రాంతి గలుగుచున్నది. కాఁబట్టి యిది రాజశబ్దభవమైన రాయశబ్దమే. అనంతపురమండలమునందలి రాయదుర్గమునకు నిదియే వ్యుత్పత్తి. ఏ రాజో పేరు చెప్పదు. రాజసంబంధమును మాత్రము చెప్పును. భూమిశిస్తు కాగితములలో నీ గ్రామము రాయదుర్గము పన్మక్తా, రాయదుర్గము నౌఖాల్సా యని రెండుగాఁ గనఁబడును. మక్తా యనఁగా నిర్ణీతమైన పన్నునకుఁ గట్టుబడిగా నిచ్చిన భూమి. ఖాల్సా యనఁగా నేరుగ సర్కారుది. సమీపమునందలి శేరిలింగంపల్లి పేరున శేరి యనఁగాఁ బ్రభువు తన స్వంతముగా సాగుచేయించుకొను నేల. మూఁడు పేళ్లలో మూఁడు విధములైన భూస్వామ్యములు నిలిచియున్నవి. చరిత్ర లేదన్నవారు పేళ్లను జదువలేదని తేలుచున్నది.

చెఱువునుండి మాదాపురమునఁ బ్రవేశించినచో ముఖ్యముగాఁ గనఁబడునది సైబర్ టవర్స్ అను వర్తులభవనము. నాలుగు భాగములుగా విభక్తమై, నడుమ నొక యావరణముతో నొప్పు నీ భవనమును 1998 నవంబరు 22వ తేదిని ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు ప్రారంభించిరి. నాఁటి ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుఁడుగారు. ఈ వాడకుఁ గాలగణన యిచ్చటనుండి ప్రారంభము. హైటెక్ అను శబ్దము వైయాకరణులకు వినోదకరము. హైదరాబాదు, ఇన్ఫర్మేషన్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, కన్సల్టెన్సీ యను పదముల యాద్యక్షరములఁ గూర్చి చేసిన పేరిది. పాణిని ప్రత్యాహారము మొదటి వర్ణమును గడపటి యిత్తుతోఁ జేర్చి నడిమి వర్ణముల నన్నిటిని గ్రహించును. ఇది ప్రతిపదమునుండి యొక యక్షరమును గ్రహించును. లాఘవమొక్కటే రెంటికిఁ బ్రయోజనము. అయినను బ్రత్యాహార మర్థమును విడువదు. ఇచ్చటి జనులలో నా యైదు పదములను జెప్పఁగలవా రరుదు. సంక్షేపము మూలమును మ్రింగి రూఢమై కూర్చున్నది.

మధ్యాహ్నమునకు భోజనవిచారము. క్రీడాభిరామము ననుసరింపఁదలఁచినవాఁడు పెద్ద మేడల లోపలి భోజనశాలలకుఁ గాక, మాదాపురపు సందులకుఁ బోవలెను. అచ్చట నింటింటను హాస్టలు పలకలు వ్రేలాడుచుండును. గుంటూరునుండి, కరీంనగరమునుండి, శ్రీకాకుళమునుండి, ఇతరరాష్ట్రములనుండి వచ్చిన యువతీయువకు లొక్కొక్క గదిలో ముగ్గురు నలువురుగా నుండి, నెలకు నింత యని కట్టి, పూటపూటకు భుజింతురు. పూటకూడు అను పాతమాట కిది నూతనావతారము. పూటకూటియిల్లు శబ్దమును నిఘంటువునందుఁ జూచి యర్థము చెప్పుకొను విద్యార్థి యా వస్తువును మాదాపురమునఁ బ్రత్యక్షముగాఁ జూడఁగలఁడు. వీధిమొగమున టిఫినుబండ్లు, అన్నపుబండ్లు, ఇరానీచాయి దుకాణములు. ఓరుగంటి పూటకూటియింటి రూక తెలిసినట్లు, ఈ బండ్లకడ నేఁటి యిడ్డెనల వెల యెంతయో, గదిలో నొక మంచమునకు నెల కెంతయో వ్రాసి యుంచిన గ్రంథము తెలుఁగున నుండెనేని, ముందు తరముల చరిత్రకారుల కది తామ్రశాసనముతో సమానమగును.

అపరాహ్ణమునఁ బడమరగా గచ్చిబౌలికిఁ బోవలెను. గచ్చు సున్నపుఁ బూఁత. పారసీకమునుండి వచ్చిన మాట. బౌలి మెట్లబావి. సంస్కృతమున వాపీ యను శబ్దమునుండియే తెలుఁగున బావియు, ఉత్తరదేశభాషలలో బావలీ, బౌలీ మొదలగునవియుఁ గలిగినవి. కాఁబట్టి గచ్చిబౌలి యనఁగా గచ్చుచేసిన బావి. పారసీకపు విశేషణము, సంస్కృతభవమైన విశేష్యము, తెలుఁగునేల. దక్కనుచరిత్ర యంతయు నీ నాలుగక్షరములలో నిమిడియున్నది. ఇదే గ్రామమున నొక భాగము కంచ గచ్చిబౌలి. కంచ యనఁగాఁ బసులమేతకై విడిచిన బీడు. 1974లో స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయ మిచ్చటనే యున్నది. దాని యావరణమున బృహచ్ఛిలాయుగపు సమాధులు బయల్పడినవి. 2025వ సంవత్సరమున నీ కంచలోఁ జెట్లు కొట్టుట ప్రారంభింపఁగా, విద్యార్థు లాటంకపఱచిరి. ఏప్రిలు 3వ తేదిని సర్వోన్నతన్యాయస్థానము దానిని నిలుపుఁడని యాజ్ఞాపించెను. వాదము దాదాపు 400 ఎకరములఁ గూర్చినది. ఆ నేల యడవియా కాదా యని న్యాయవాదులు వాదించుచుండఁగాఁ, బూర్వము దాని నేమిగా వాడుకొనిరో పేరు చెప్పుచునే యున్నది. పేళ్ల విచారము పండితుల పొద్దుపోక కొఱకే కాదనుట కింతకన్న నిదర్శన మక్కఱలేదు.

గచ్చిబౌలియందే 1998లో స్థాపితమైన ఐ. ఐ. ఐ. టి. యను విద్యాసంస్థ కలదు. బయటినుండి చూచువారికి నది గణకయంత్రముల పాఠశాల. లోపల భాషాసాంకేతికపరిశోధనకేంద్రమున జరుగు పనిని విన్నచో వైయాకరణులు విస్మయ మందుదురు. యంత్రముచే నొక భాషనుండి వేఱొక భాషకు ననువాదము చేయింపఁదలఁచినవారు వాక్యమును విడఁదీయుటకు పాణిని కారకప్రక్రియ నాశ్రయించిరి. అక్షరభారతి, వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ గార్లు 1995లోఁ బ్రకటించిన గ్రంథమునకు పేరే 'నాచురల్ లాంగ్వేజి ప్రాసెసింగ్ : ఎ పాణినియన్ పర్‌స్పెక్టివ్'. ఆ సంప్రదాయమునఁ దయారైన వాక్యకోశములలోఁ గర్తకు కె-1, కర్మకు కె-2, కరణమునకు కె-3, సంప్రదానమునకు కె-4, అపాదానమునకు కె-5, అధికరణమునకు కె-7 అని గుర్తులు. ఆఱవ సంఖ్య మాత్రము కె తోఁ జేరదు. ఆర్-6 అని వేఱుగా నుండును. కారణము స్పష్టము: షష్ఠి సంబంధమును జెప్పునదే కాని కారకము గాదు. బడిలో విభక్తులు వల్లించు బాలుఁడు 'ఆఱవది కారకమేల కాదు?' అని యడిగినచో, దానికి వేలయేండ్లుగాఁ జెప్పుచున్న సమాధాన మిచ్చట యంత్రమునకు నేర్పఁబడినది. అద్దపు మేడను మాత్రము స్తుతించినవాఁడును, నిందించినవాఁడును దీనిని గనుఁగొనలేదు.

సాయంకాలమునకు మరల మాదాపురమువైపు రావలెను. 2019 నవంబరు 29వ తేదినుండి మెట్రోరైలు రాయదుర్గమువఱకు వచ్చుచున్నది. పనివిడిచిన జనము దానిలో నిండుదురు. ఆ రద్దీకిఁ బ్రక్కగా శిల్పారామము కలదు. ఇది 1992వ సంవత్సరమునాఁటిది. సైబర్ టవర్స్‌కంటె నాఱేండ్లు పెద్దది. శిల్పము, ఆరామము అను రెండు పదములు సవర్ణదీర్ఘముచేఁ గలసిన చక్కని తత్సమసమాసము. నేఁతవస్త్రములు, కొయ్యబొమ్మలు, మట్టిపాత్రలు నమ్ముదురు. సంక్రాంతినాఁడు గంగిరెద్దులును హరిదాసులును వత్తురు. ఓరుగంటిలో మంచనశర్మ చూచిన యాటపాటలు వీధిలోనే కలవు; ఇచ్చట టిక్కెట్టు కొని చూడవలెను. వీధినుండి యావరణములోనికి కళ తరలుట యొక మార్పు. ఆ మార్పును మెచ్చుటకాని తెగడుటకాని వీథీకారుని పని గాదు. గుర్తించుట యతని పని.

ఈ ప్రాంతమున కంతకును సైబరాబాదు అను పేరు 1998 తరువాత వ్యాపించినది. సైబరు గ్రీకుభాషయందు ఓడనడుపువానిఁ జెప్పు ధాతువునుండి వచ్చినది. ఆబాదు పారసీకమున జనులు వసించు చోటు. కర్ణధారపురి యని సంస్కృతీకరింపవచ్చును. 1591లో వెలసిన హైదరాబాదు పేరునకు ననుప్రాసగా నిది కల్పితము. పేరు చెడ్డది గాదు. కాని హైటెక్ సిటీ, సైబరాబాదు, మైండ్‌స్పేస్, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అను నూతననామములు వ్యాపించినకొలఁది కొత్తగూడ, ఖాజాగూడ, నానక్‌రామ్‌గూడ, మణికొండ మున్నగు పాతపేళ్లు బస్సుల పలకలకును భూమిపత్రములకును పరిమితమగుచున్నవి. గూడ శబ్దము గూడెము; మనుష్యులుండిన గుర్తు. పేరు పోయినచో, ఆ నేల నిన్నటివఱకు నిర్జన మనువారి మాటకు సాక్ష్యమే మిగులదు.

ఇంతటితోఁ గ్రీడాభిరామమే సర్వథా యాదర్శమని చెప్పఁబోవుట లేదు. దానికిని లోపము గలదు, అది యవ్యాప్తి. మంచనశర్మయుఁ డిట్టిభసెట్టియు వినోదార్థులు. వారి చూపు పందెములమీఁదను, పడఁతులమీఁదను, భోజనముమీఁదను నిలుచును. కొన్నిచోట్ల నౌచిత్యమును మీఱును. బడిలోఁ బాఠము చెప్పఁ దగని పద్యములు గలవు. ఆ వీధుల మేడలను గట్టినవారు, చెఱువులు త్రవ్వినవారు వారికిఁ గనఁబడలేదు. హైటెక్ సిటీయందును నీ ప్రమాదము గలదు. పాలమూరునుండియు, బిహారు, ఒడిస్సాలనుండియు వచ్చి మేడలు గట్టిన కూలీలు, మేడ పూర్తియైన దినమున వేఱొక చోటికిఁ దరలిపోవుదురు. ఉదయము టవర్ల ముందు ఊడ్చువారు, రాత్రి కావలివారు, వాహనములు నడుపువారు చూచువారి చూపునకు లక్ష్యము గారు. పురవర్ణన మతివ్యాప్తము, వినోదార్థి వ్రాసిన వీథి యవ్యాప్తము. కష్టించువానిని సైతము ప్రశ్నించు వీథి మాత్రమే నిర్దుష్టలక్షణము.

ఓరుగల్లు 1323లో ఢిల్లీసేనలచేఁ జిక్కినది. కోటలో నాలుగు శిలాతోరణములు నేఁటికిని నిలిచియున్నవి. మోహరివాడ యేదో, పూటకూటియి ల్లెచ్చటనో నేలమీఁదఁ జూపఁగలవారు లేరు. ప్రేమాభిరామము దొరకకపోయినది. దాని ననుసరించిన యీ తెలుఁగు వీథియుఁ బోయినచో, ఆ నగరమునఁ గోడిపందెము చూచి రూకకు భుజించిన సామాన్యుని దినము మనకు శూన్యమైపోయెడిది. అద్దము శిలకంటె నల్పాయువు. నేఁటి పడమటి హైదరాబాదు మేడలు నూఱేండ్లకు నిలుచునో లేదో చెప్పఁ దరము గాదు; అచ్చటి పేళ్లు మాత్ర మిప్పుడే తొలఁగుచున్నవి. శేరిలింగంపల్లి మండలమునందలి పాఠశాలల పండితులు తమ విద్యార్థుల నిద్దఱిద్దఱిగాఁ బంపి, గ్రామనామములను, చెఱువులను, గుట్టలను, వృత్తులను, వెలలను ముదుసళ్లనడిగి వ్రాయించిరేని, వీథికి వలసిన సామగ్రి యొక యేఁటిలోఁ జేకూడును. ఆ సామగ్రి యున్నచోఁ గవి యెన్నఁడైనను బుట్టవచ్చును. సామగ్రి లేనిచోఁ బుట్టిన కవి మరల మిన్ను ముట్టు మేడలనే వర్ణించును.